ఏరొచ్చేలోగా

పని మొదలుపెట్టే తారీఖు ప్రభుత్వం చెబుతుంది. ఆపే తారీఖు మాత్రం కృష్ణ చెబుతుంది. నాగార్జునసాగర్ కట్టే రోజుల్లో మాలాంటి చిన్న ఉద్యోగుల దగ్గర్నుంచి చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ గారి దాకా అందరి బుర్రల్లో తిరిగింది ఇదే. పడమటి కొండల్లో, మహాబలేశ్వరం వైపు, వానలు పట్టాయంటే ఆ నీళ్ళు మహారాష్ట్ర, కర్ణాటక దాటుకుని మన మీదికి దిగుతాయి. మళ్ళీ ఏరు సన్నబడాలంటే నవంబరు రావాలి. ఏటి మధ్యలో పని ఏదున్నా ఆ నవంబరుకీ వచ్చే జూనుకీ మధ్యలోనే జరగాలి. మిగతా రోజుల్లో ఒడ్డున నిలబడి చూడటమే.

కాస్త దగ్గరికి జరగండర్రా, పొగ అటు కొడుతోంది. ఒరే, ఆ మొద్దు కొంచెం ఎగదొయ్యి.

అమ్మాయ్, నువ్వు ఆ ప్రాజెక్టు మేనేజ్‌మెంటు పరీక్షకు చదువుతున్నానంటే పొద్దున నీ పుస్తకం తిరగేశాను. స్కోపు, షెడ్యూలు, బడ్జెటు, క్వాలిటీ, రిస్కు, స్టేక్‌హోల్డర్లు, చేంజ్ కంట్రోలు, క్లోజరు. పేర్లు కొత్తవేగానీ అందులో ఉన్న ప్రతి పనీ మేము సాగర్ మీద చేసిందే. మేం వాటిని వేరే పేర్లతో పిలిచేవాళ్ళం. కొన్నిటికి పేర్లే లేవు. నీ పుస్తకంలో ఒక విషయం మాత్రం చాలా తక్కువగా చెప్పారనిపించింది. లెక్క ముందు నుంచి వెయ్యకూడదమ్మా, చివర నుంచి వెయ్యాలి. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా ఆఫీసు షెడ్డులో గోడ మీద పెద్ద కాగితం ఉండేది. నిలువుగా పనుల పేర్లు, అడ్డంగా నెలలు, ఒక్కో పనికీ ఒక్కో గీత. బార్ చార్టు అనేవాళ్ళం. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీరు ఆ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడని, అందుకే మీరు దాన్ని గాంట్ చార్టు అంటారని తర్వాతెప్పుడో చదివాను. మా ఇ.ఇ. గారు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఆ కాగితం దగ్గరికొస్తే ఎడమ పక్క నుంచి చదివేవారు కాదు. కుడి చివర జూన్ నెల మీద వేలు పెట్టి ఎడమకు జరుపుకుంటూ వచ్చేవారు. ఏరొచ్చే నాటికి ఈ బ్లాకు నీళ్ళ మట్టం దాటి లేవాలి. అది లేవాలంటే మే నెలంతా రోజూ ఇంత కట్టుబడి పడాలి. అది పడాలంటే పునాది రాయి శుభ్రం చేసి, పగుళ్ళలోకి సిమెంటు పాలు ఎక్కించే గ్రౌటింగు మార్చికల్లా అయిపోవాలి. దానికి ముందు పుచ్చు రాయి తవ్వెయ్యాలి. దానికి ముందు గుంటలో నీళ్ళు తోడాలి. దానికి ముందు అడ్డుకట్ట వేసి ఏటిని పక్కకు మళ్ళించాలి. అలా జరిగి జరిగి ఆయన వేలు నవంబరు దగ్గర ఆగేది. ‘అయితే అడ్డుకట్టకు మట్టి, రాయి దసరా నాటికి ఒడ్డున ఉండాలి’ అనేవారు. ఏరు నిండా పారుతుంటే, ఇంకా పని మొదలే కాకుండా, అడ్డుకట్ట సామాను గురించి అరవడమేమిటా అని కొత్తవాళ్ళకు వింతగా ఉండేది. పెళ్ళి ముహూర్తం పెట్టాక అక్కణ్ణుంచి వెనక్కి వచ్చే కదా వంటవాడికి బయానా ఎప్పుడివ్వాలో తేల్చుకుంటాం! ఇదీ అంతే.

ఆ గీతలన్నీ ఒకే బరువు గలవి కావు. అది తెలియడానికి కొంతకాలం పట్టింది నాకు. క్వార్టర్లకు సున్నం ఆలస్యమైతే ఎవరూ పరుగెత్తేవాళ్ళు కాదు. కాలవ తవ్వకం ఒక పక్షం రోజులు వెనకబడ్డా తర్వాత కలుపుకోవచ్చు, నీళ్ళొచ్చేది ఇంకా ఎన్నేళ్ళకో. పునాది గుంటలో పంపు ఒక్క రాత్రి ఆగితే మాత్రం అంతా తలకిందులు. తెల్లారేసరికి గుంట నిండేది. మళ్ళీ తోడి, కొట్టుకొచ్చిన బురద ఎత్తిపోసి, రాయి మళ్ళీ కడిగేసరికి రోజులు పోయేవి. ఆ రోజులు ఎక్కడా తిరిగి దొరకవు, ఎందుకంటే ఆ గీత చివర ఏరుంది. అందుకే మామూలు పనుల మీద ఒక మనిషిని పెట్టినా, పంపుల దగ్గర మాత్రం రాత్రి పూట కూడా ఒక మెకానిక్కునీ, ఒక సూపర్‌వైజరునీ, అదనంగా ఇంకో పంపునీ ఉంచేవాళ్ళు. దీన్నే మీరు క్రిటికల్ పాత్ అంటున్నారు. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ఆ పనుల వరుస. చిత్రమేమిటంటే సరిగ్గా ఆ ఏళ్ళలోనే, 1957 ప్రాంతంలో, అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ వాళ్ళు ఆ పద్ధతిని లెక్కకట్టి కంప్యూటరు మీద పెట్టారు. మరుసటి ఏడాదే వాళ్ళ నావికాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే ఇంకో పద్ధతి తెచ్చింది. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో గట్టిగా చెప్పలేనప్పుడు, అన్నీ కలిసొస్తే ఎన్ని, మామూలుగా ఎన్ని, అడ్డం తిరిగితే ఎన్ని అని మూడు అంకెలు తీసుకుని లెక్కవేస్తుంది అది. మాకు అవేవీ తెలియవు. మా ఇ.ఇ. గారి వేలు తెలుసు.

సరే, అసలు మొదటికి వస్తాను. ఏ ప్రాజెక్టుకైనా ముందు ఒకడు దాన్ని నెత్తికెత్తుకోవాలి. మీరు స్పాన్సరు అంటారే, ఆ మనిషి. కృష్ణ నీళ్ళను పెన్న మీదుగా దక్షిణానికి తీసుకుపోయే పథకం మద్రాసు ప్రభుత్వం చేతిలో ఉన్న రోజులవి. కాదు, నందికొండ దగ్గర, అంటే ఇప్పుడు సాగర్ ఉన్న చోట కట్టాలి, అటు తెలంగాణకూ ఇటు మనకూ నీళ్ళు రావాలి అని పట్టుపట్టి తిరిగినవాడు ముక్త్యాల రాజా గారు, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. 1952లో ఖోస్లా కమిటీ చోటు చూడ్డానికి రావాల్సి వచ్చింది. అడవిలో బండి పోయే దారి లేదు. దారి లేకపోతే వాళ్ళు చూడరు, చూడకపోతే కాగితం మీదే కొట్టేస్తారు. రాజా గారు చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని కూడగట్టి రాళ్ళు పీకించి, చెట్లు కొట్టించి కమిటీ కార్లు వెళ్ళే దారి వేయించాడు. మా నాయన కూడా గడ్డపార పట్టుకుని పోయాడని మా అమ్మ చెప్పేది. కమిటీ వచ్చింది, చూసింది, చోటు బాగుందంది. కూలి అడక్కుండా దారి వేసిన ఆ జనం సంగతి నేను ఎప్పుడూ గౌరవంగా తలుచుకుంటాను. వాళ్ళు లేకపోతే ఆ పని అక్కడే ఆగిపోయేది.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాది రాయి వేశారు. అప్పటికి హైదరాబాదు రాష్ట్రం వేరు, ఆంధ్ర రాష్ట్రం వేరు. ఏటికి ఆ ఒడ్డు వాళ్ళది, ఈ ఒడ్డు మనది. రెండు ప్రభుత్వాలూ కలిసి ఒక కంట్రోలు బోర్డు పెట్టుకున్నాయి. ఇద్దరు యజమానులున్న పనిలో ఎవరి మాట చివరి మాటో ముందే రాసుకోకపోతే నడవదు. మరుసటి ఏడాది నవంబరు 1న రెండూ ఒకటే రాష్ట్రమయ్యాయి గానీ, ఆ బోర్డు అలవాట్లు మా కాగితాల్లో చాలాకాలం ఉండిపోయాయి. ఎవరు మంజూరు చెయ్యాలి, ఎంత దాకా ఎవరి అధికారం, ఏ కాగితం ఎవరికి ప్రతి పంపాలి, అన్నీ రాసి ఉండేవి. కొత్తలో విసుగనిపించేది నాకు. తర్వాత తర్వాత ఆ రాతే మమ్మల్ని కాపాడింది.

ఇప్పుడు రాయి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే సాగర్ చెప్పినట్టు కాదు.

అదే కాలంలో పంజాబు వైపు భాక్రా కడుతున్నారు. అది కాంక్రీటు డ్యాము. హార్వీ స్లోకం అనే అమెరికా ఆయన్ని పిలిపించి, పెద్ద పెద్ద యంత్రాలు తెప్పించి కట్టారు. మన దగ్గర అలా కుదరలేదు. విదేశీ మారకం లేదు, సిమెంటు కరువు. ఉన్నదేమిటంటే చుట్టూ రాతి కొండలు, పని కోసం ఎదురుచూసే జనం. అందుకని రాతి కట్టుబడి డ్యాము అన్నారు. చేతిలో ఏముందో చూసుకుని పద్ధతి ఎంచుకోవడమంటే అది. పాలమూరు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చాయి. రాయి కొట్టడంలో తరతరాల నేర్పున్న వడ్డెర్లు వచ్చారు. మాచర్ల రైలు దిగి సామాన్లు నెత్తిన పెట్టుకుని నడిచొచ్చేవాళ్ళు. గుడిసెలేసుకున్నారు. పసిపిల్లల్ని చెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాల్లో వేసి తల్లులు మాలు మోసేవాళ్ళు. పెద్ద రాళ్ళను తాళ్ళతో కట్టి, కర్రకు వేలాడదీసి నలుగురేసి భుజాన వేసుకుని, కర్రలతో కట్టిన ఏటవాలు దారుల మీదుగా పైకి ఎక్కించేవాళ్ళు. 124 మీటర్ల ఎత్తు, దాదాపు కిలోమీటరున్నర పొడవు రాతి డ్యాము. ఎక్కువ భాగం అలా మనుషుల భుజాల మీద, తలల మీద లేచింది. ఆ కాలంలో తలకు టోపీ, నడుముకు తాడు అన్న ఆలోచన దేశంలోనే పెద్దగా లేదు. ఆ మనుషుల రుణం ఈ పచ్చటి పొలాలన్నిటి మీదా ఉంది.

మీరు రిసోర్సులు, రిసోర్సులు అంటుంటారు చూడు. నాకు ఆ మాట వినగానే ఆ ఏటవాలు దారి గుర్తొస్తుంది. ఒకసారి పై నుంచి ఒత్తిడి వచ్చింది, కట్టుబడి చాలడం లేదు, ఇంకా మేస్త్రీలను పెట్టండని. పెట్టాం. మర్నాడు కట్టుబడి పెరగలేదు. ఇంకొందర్ని పెట్టాం. పెరగలేదు. మా ఏ.ఇ. గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఓ పూటంతా ఎండలో నిలబడి చూసి వచ్చి, మేస్త్రీలు రాయి కోసం కూర్చుని ఉన్నారన్నారు. కింద గుట్టలుగా రాయి ఉంది, పైన తాపీ పట్టుకుని మేస్త్రీలున్నారు. మధ్యలో ఎక్కే దారి ఇరుకు. రాయి మోసుకుని ఎక్కేవాళ్ళు, ఉత్త చేతులతో దిగేవాళ్ళు ఒకే దారిలో ఎదురుపడి ఆగుతున్నారు. దిగడానికి వేరే దారి కట్టించాం, అంతే. మేస్త్రీల్లో కొందరిని వేరే బ్లాకుకు పంపించినా కట్టుబడి పెరిగింది. ఎక్కడ ఇరుకుందో చూడకుండా మనుషుల్ని పెంచితే జీతాలు పెరుగుతాయి తప్ప పని పెరగదమ్మా.

రాయి పరవడం కూడా చూడాలి మీరు. నేల మీద గోడ కట్టినట్టు వరసలు వరసలుగా మట్టం చేసి కట్టకూడదు అక్కడ. అలా కడితే ప్రతి వరసా నీళ్ళ తోపుడుకు జారే చోటవుతుంది. అందుకని కొన్ని రాళ్ళు కావాలనే పైకి పొడుచుకొచ్చేట్టు ఉంచేవాళ్ళు, రేపటి కట్టుబడి దానికి పట్టుకునేట్టు. ప్రతి రాయినీ బ్రష్షుతో రుద్ది కడగాలి. పొడి రాయి పెడితే మాలులో ఉన్న తడి అది తాగేస్తుంది, సిమెంటు గట్టిపడదు. ముందు మాలు పరిచి, రాయిని దాని మీద కూర్చోబెట్టి, సుత్తితో కొట్టి, నాలుగు పక్కలా మాలు ఉబికి వచ్చాకే వదలాలి. సందుల్లో మాలు నింపి ఆ తర్వాత ముక్క రాళ్ళు దిగగొట్టాలి. సోమరి మేస్త్రీ ఏం చేస్తాడంటే ముందు ముక్క రాళ్ళు పేర్చి పైన మాలు పూస్తాడు. చూడ్డానికి రెండూ ఒకటే. లోపల మాత్రం బోలు. మా చేతిలో సన్నటి ఇనప ఊచ ఉండేది. సందులో పొడిస్తే, మాలు నిండుగా ఉంటే ఊచ ఆగుతుంది. బోలుగా ఉంటే సర్రున దిగుతుంది. దిగిందంటే అక్కడికక్కడే పీకించి మళ్ళీ కట్టించాలి. తర్వాత చూద్దాం అనే మాట లేదు, ఎందుకంటే తర్వాత దాని మీద ఇంకో కట్టుబడి పడుతుంది, ఇక ఎవరూ చూడలేరు. నాణ్యత అనేది చివర్లో తనిఖీ చేసేది కాదని అక్కడే అర్థమైంది నాకు. కనబడుతున్న పూటే చూడాలి.

మీ కంప్యూటర్లలో కూడా అలాంటి బోలు సందులు ఉంటాయి కదూ? ఉంటాయనే అనుకున్నాను.

పని ఎంత జరిగిందో ఎలా తెలిసేది అని అడిగావు. ఎం.బి. అని ఉండేది, మెజర్‌మెంటు బుక్కు. ఆ పుస్తకమంటే ఇప్పటికీ నాకు గౌరవం. పేజీలకు అచ్చులోనే నంబర్లుంటాయి, ఒక్క కాగితం చింపడానికి లేదు. పని దగ్గరే నిలబడి టేపు పట్టి కొలిచి, పొడవు, వెడల్పు, ఎత్తు, ఏ తారీఖు, ఏ బ్లాకు, ఎవరు కొలిచారు, అన్నీ అక్కడే సిరాతో రాయాలి. విడి కాగితం మీద రాసుకుని సాయంత్రం నింపడం తప్పు. అంకె తప్పు పడితే చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు. ఒక గీత కొట్టి పక్కన సరైన అంకె వేసి, సంతకం, తారీఖు పెట్టాలి. కొట్టేసిన అంకె కూడా కనబడాలి. పై అధికారి వచ్చి కొంత భాగం మళ్ళీ కొలిచి చూస్తాడు, దాన్ని చెక్ మెజర్‌మెంటు అంటారు. ఆ తర్వాతే బిల్లు. పని తొంభై పాళ్ళయిందండీ అని ఎవరైనా అంటే మా ఇ.ఇ. గారు ‘ఎం.బి. చూపించు’ అనేవారు. పుస్తకంలో కొలత ఉన్నంత మేరే పని అయినట్టు. కూలీలకు మస్టర్ రోలు ఉండేది, ప్రతి పూటా పేరు పేరునా హాజరు వేసేది. మస్టర్లో ఇంతమంది ఉన్నారు, ఎం.బి.లో ఇంత కట్టుబడే ఉంది, ఏమిటిది అని రెండూ పక్కపక్కన పెట్టి అడిగేవారు. మీ పుస్తకంలో ఎర్న్‌డ్ వాల్యూ అని ఒక అధ్యాయం ఉంది చూశాను. అనుకున్న పని, అయిన పని, అయిన ఖర్చు, మూడూ ఒక చోట పెట్టి చూడమంటుంది. ఆ అధ్యాయం బాగా చదువమ్మా. అందులో ఉన్నది నిజం.

మార్పుల సంగతి త్వరగా చెప్పేస్తాను. నేల కింద ఏముందో తవ్వేదాకా ఎవరికీ తెలియదు. గట్టి రాయి తగులుతుందనుకున్న చోట పుచ్చు రాయి తగులుతుంది, ఇంకా లోతుకు పోవాలి, ఎస్టిమేటు పెరుగుతుంది. పెరగడం తప్పు కాదు. రాత లేకుండా పెరగడం తప్పు. సాగర్ తర్వాత నేను వేరే చోట ఒక చిన్న పని మీద ఉన్నాను, పేరెందుకులే. పై అధికారి ఒకాయన నోటి మాట మీద కాంట్రాక్టరు చేత అదనంగా గోడ కట్టించాడు. ఆయన బదిలీ అయిపోయాడు. వచ్చినాయన ఉత్తర్వు చూపించమన్నాడు. లేదు. ఆ కాంట్రాక్టరు చిన్నవాడు, భార్య నగలు తాకట్టు పెట్టి కట్టిన గోడ అది. డబ్బు రావడానికి ఏళ్ళు తిరిగాడు. అందుకే చెబుతున్నా, నువ్వు పెద్ద ఉద్యోగంలో ఉన్నప్పుడు నీ కింది వాళ్ళకు ఏదన్నా అదనంగా చెయ్యమంటే ఆ రోజే రెండు ముక్కలు రాసివ్వు.

ఇక భయం సంగతి. మేం సాగర్ మీద ఉండగానే, 1958లో, కడెం ప్రాజెక్టు మీదికి అంచనాకు మించిన వరద వచ్చి కట్ట తెగింది. తర్వాత అక్కడ గేట్లు పెంచి వరద పోయే దారి పెద్దది చేశారు. 1961 జులై 12న పూనా దగ్గర పాన్‌షెట్ డ్యాము తెగింది. పని పూర్తిగా సిద్ధం కాకముందే ఆ ఏడే నీళ్ళు నింపారు. దాని ధాటికి కింద ఖడక్‌వాస్లా కూడా తెగి ఊరు మునిగింది. ఆ వార్త వచ్చిన రోజు మా షెడ్డులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మర్నాటి నుంచి ఏ.ఇ. గారు ప్రతి వారం కూర్చోబెట్టి ఒకటే అడిగేవారు: అనుకున్నదానికంటే ముందే ఏరొస్తే ఏం చేస్తాం? సామాను ఎక్కడికి ఎక్కిస్తాం? ఏ బ్లాకు మీదుగా నీళ్ళు పోనిస్తాం? గుంటలో ఉన్నవాళ్ళకు ఎవరు కబురు చెబుతారు, ఆ మనిషి లేకపోతే ఇంకెవరు? ప్రతి ప్రశ్నకూ ఒక మనిషి పేరు ఉండాలి. ‘మనం చూసుకుందాం’ అంటే ఒప్పుకునేవారు కాదు. రిస్కు రిజిస్టరు అంటే అదే కదా, ఏం జరగొచ్చు, జరిగితే ఎవరు లేవాలి అని. 2009 అక్టోబరులో శ్రీశైలం మీదికి ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాను. మీ నాయనమ్మ పడుకోమంటే పడుకోలేదు. శ్రీశైలం నిలబడింది, సాగరూ నిలబడింది. ఊచతో పొడిచి చూసిన సందులన్నీ ఆ రాత్రి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

చివర నుంచి లెక్క వేసినవాళ్ళు ఇంకొందరున్నారు. మా కట్టుబడి లేచేకొద్దీ వెనక లోయ మునుగుతుంది. ఆ లోయలో ఇక్ష్వాకుల విజయపురి ఉంది, నాగార్జునకొండ. స్తూపాలు, విహారాలు, మండపాలు, స్నానఘట్టాలు. ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ వాళ్ళు 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. మేం కట్టే ప్రతి అడుగూ వాళ్ళ రోజులు కోసేది. వాళ్ళు మా చార్టు అడిగి తీసుకుపోయేవాళ్ళు, ఏ ఏడు ఏ మట్టం దాకా నీళ్ళొస్తాయో చూసుకోవడానికి. కింద మట్టంలో ఉన్నవి ముందు, పైవి తర్వాత. అన్నీ ఎత్తడం కుదరదు కాబట్టి ఏవి ఎత్తాలి, ఏవి కొలతలు తీసి నమూనా కట్టాలి, ఏవి బొమ్మ తీసి వదిలెయ్యాలి అని తేల్చుకున్నారు. ఎత్తినవాటికి రాయి రాయికీ నంబరు వేసి కొండ మీదా, అనుపు దగ్గరా మళ్ళీ అదే వరసలో నిలబెట్టారు. అనుపులో మెట్ల రంగస్థలం చూశారు కదా మొన్న? అది అలా వచ్చిందే. వదిలేసింది బాధతో వదిలేశారు, ఎంచుకుని వదిలేశారు. స్కోపు అంటే ఏమిటని నన్నడిగితే నేను ఆ లోయను చూపిస్తాను.

అదే లోయలో, దాని చుట్టూ, బతికున్న ఊళ్ళూ ఉన్నాయి. రాళ్ళకు నంబరు వేసినంత శ్రద్ధ మనుషుల మీద పెట్టామా అని నాకు ఇప్పటికీ మనసులో ముల్లు ఉంది. దేశంలో ఆ రోజుల్లో కట్టిన ఏ డ్యాము దగ్గరైనా ఇదే కథ. ఎకరాకు ఇంత అని లెక్క కట్టారు. చింతచెట్టుకు ఇంత, బావికి ఇంత. కానీ పక్కింటివాడు పక్కింటివాడుగా ఎక్కడికెళ్తాడో ఎవరూ లెక్క కట్టలేదు. నీ పుస్తకంలో స్టేక్‌హోల్డర్లని ఒక బొమ్మ గీశారు, పలుకుబడి ఎక్కువున్నవాళ్ళు పైన, తక్కువున్నవాళ్ళు కింద. ఆ కింది గడిలో ఉన్నవాళ్ళ దగ్గరికి నువ్వు స్వయంగా వెళ్ళు, తల్లీ. పై గడి వాళ్ళు ఎలాగూ ఫోను చేస్తారు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు రెండు కాలవలకూ నీళ్ళు వదిలారు. అప్పటికి పైన ఇరవై ఆరు గేట్ల పని ఇంకా మిగిలే ఉంది. అవి పూర్తయ్యేసరికి 1974 వచ్చింది. అంతా పూర్తయ్యాకే నీళ్ళిస్తామని కూర్చుంటే ఇంకో ఏడేళ్ళు పొలాలు ఎండేవి. ఉన్న మట్టంతో ఇవ్వగలిగినంత ఇచ్చారు. అది మంచి నిర్ణయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

కానీ డ్యాము దగ్గర కొబ్బరికాయ కొట్టగానే పని అయిపోయిందనుకున్నవాళ్ళం చాలామందిమి. కుడి కాలవ 203 కిలోమీటర్లు. ప్రకాశం జిల్లా చివరి తూము కింద రైతు దృష్టిలో సాగర్ అంటే డ్యాము కాదు, వాడి పిల్లకాలవలో పారే నీళ్ళే. కాగితం మీద కొంత మాగాణి, కొంత ఆరుతడి అని విడగొట్టాం. నీళ్ళు ముందొచ్చే పై రైతులు ఆరుతడి భూముల్లో కూడా వరి వేశారు. కళ్ళముందు నీళ్ళు పారుతుంటే ఎవడు వెయ్యడు? చివరి భూములకు చేరేసరికి కాలవ తడి మాత్రమే మిగిలేది. డిజైను చేసినప్పుడు ఇంజనీరు గేటు దగ్గర నిలబడి ముందుకు చూశాడు. చివరి రైతు గట్టు మీద నిలబడి వెనక్కి చూసి ఉంటే కొలిచే తూములు, వంతుల పద్ధతి, పై రైతూ కింది రైతూ కలిసి కూర్చునే సంఘం, ఇవన్నీ మొదటి ఎస్టిమేటులోనే ఉండేవి. నీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది. అప్పటికి ముప్పై ఏళ్ళు గడిచాయి.

ఇంకొక్కటి చెప్పి లేస్తాను, మంచు పడుతోంది. పని అయ్యాక కంప్లీషన్ రిపోర్టు అని రాయాలి, కట్టింది కట్టినట్టు బొమ్మలు గీసి అప్పగించాలి. మొదట గీసిన బొమ్మ వేరు, కట్టింది వేరు. మధ్యలో ఎన్నో మారతాయి. అప్పటికి అందరికీ బదిలీ ఉత్తర్వులు వచ్చేసి ఉంటాయి, కొత్త పని మీద మనసు ఉంటుంది. నేను పనిచేసిన చోట్లలో ఆ బొమ్మలు శ్రద్ధగా గీసినవాళ్ళు కొందరే. కాలవలు బాగుచేసే పనులు మొదలైనప్పుడు ఇద్దరు కుర్ర ఇంజనీర్లు నన్ను వెతుక్కుంటూ మనింటికి వచ్చారు, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వప్పుడు కాలేజీలో ఉన్నావు. ఒక చిన్న మేజరు కాలవ కింద మురుగు తూము ఎక్కడుందో కాగితాల్లో దొరకడం లేదన్నారు. నేనే కట్టించాను దాన్ని. ట్రంకు పెట్టెలోంచి నా పాత లెవెల్ బుక్కు తీసి, ఏ రాయి నుంచి ఎన్ని అడుగులో చూపించాను. వాళ్ళు ఫోన్లతో ఆ పేజీలు ఫొటోలు తీసుకుని వెళ్ళి, మర్నాడు సాయంత్రం తూము దొరికిందని కబురు చేశారు. ఆ పుస్తకం ఇంకా పెట్టెలోనే ఉంది. రేపు పగటి పూట తీసి చూపిస్తాను, పెన్సిలు రాత కదా, ఈ వెలుతురులో కనబడదు.